పచ్చి ఒళ్ళు, పరుపు, ఒక క్యాప్సూల్: ఫైబ్రాయిడ్ ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లు పడుకోవాలి?

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన గొడవతో మొదలుపెడతాను. తర్వాత 1809కి వెళ్దాం.

పోయిన ఏడాది మా అక్కకి ఫైబ్రాయిడ్ ఆపరేషన్ అయింది. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలోనే పెరిగే గడ్డ. కేన్సర్ కాదు. చాలామంది ఆడవాళ్లకి ఉంటుంది, అందులో చాలామందికి ఉన్నట్టే తెలీదు. కొందరికి మాత్రం నెలసరి రక్తం ఆగదు. అక్కకి అదే. రెండు మెట్లెక్కితే ఆయాసం. టెస్టు చేయిస్తే హిమోగ్లోబిన్ 7. వయసు 31. ఇంకా పిల్లల్లేరు.

మొదట చూపించిన చోట, "గర్భసంచి తీసేస్తే గోల వదిలిపోతుంది" అన్నారు. అక్క ఆ రాత్రంతా మాట్లాడలేదు. రెండో డాక్టరమ్మ ముందు ఐరన్ ఎక్కించి, రక్తం కాస్త పెరిగాక, గడ్డలు మాత్రమే తీసి గర్భసంచిని ఉంచింది. మర్నాడు పొద్దున్నే నర్సు వచ్చి, "లేమ్మా, వరండాలో నాలుగడుగులు వేద్దాం" అంది. అక్క పొట్ట పట్టుకుని, తిట్టుకుంటూ నడిచింది.

ఇంటికొచ్చాక అసలు సినిమా. మా అమ్మ మంచం వేసి, తలుపులు మూసి, అక్క చెవుల్లో దూది పెట్టింది. "పచ్చి ఒళ్ళే. నలభై రోజులు కింద కాలు పెట్టావంటే ఊరుకోను." నీళ్లు కూడా కొలిచి ఇస్తోంది. ఇంకోపక్క మా బావ ఫోన్లో ఏదో ఫార్వర్డ్ చూపిస్తాడు. "వ్యాయామం చేస్తే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పుడతాయంట, ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంట, పుండు మానదంట, ఈ యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్ వేసుకోవాలంట." అమ్మది పాత భయం, బావది కొత్త భయం. ఇద్దరి సలహా ఒకటే: కదలకు.

అక్క నావైపు తిరిగి, "ఒరేయ్, చరిత్ర చరిత్ర అని వీడియోలు చేస్తావు కదా, దీని సంగతేంటో చూడు" అంది. చూశాను. తీరా చూస్తే మా అమ్మ చెప్పే మాటే వందేళ్ల పాటు అమెరికా, యూరప్ డాక్టర్లందరూ చెప్పారు!

1809 డిసెంబర్. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, డాన్విల్ అనే చిన్న ఊరు. జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే ఆవిడ సుమారు 60 మైళ్లు గుర్రం మీద ప్రయాణం చేసి ఎఫ్రాయిమ్ మెక్‌డవెల్ అనే డాక్టర్ దగ్గరికి వచ్చింది. పొట్టలో పెద్ద గడ్డ. ఆవిడది ఫైబ్రాయిడ్ కాదు, అండాశయపు గడ్డ. కానీ ఆడవాళ్ల పొట్ట కోసి గడ్డ తీసి బతికించిన కథలన్నీ ఇక్కడే మొదలవుతాయి కాబట్టి చెప్తున్నా. మత్తు మందు అప్పటికింకా లేదు, ఈథర్ రావడానికి ఇంకా 37 ఏళ్లు ఉంది. మెలకువతోనే పొట్ట కోశారు. 25 నిమిషాలు పట్టింది. తీసిన గడ్డ బరువు 22 పౌన్లు దాటింది, అంటే పది కిలోలు.

అయిదు రోజుల తర్వాత మెక్‌డవెల్ వెళ్లి చూస్తే ఆవిడ ఏం చేస్తోందో తెలుసా? లేచి నిలబడి తన పక్క తనే సర్దుకుంటోంది. డాక్టర్‌కి మతిపోయింది. ఈ సంగతి ఆయనే రాసిపెట్టాడు. ఇకముందు జాగ్రత్తగా ఉండమని గట్టిగా హెచ్చరించానని కూడా రాశాడు. 25 రోజులకి ఆవిడ ఇంటికెళ్లిపోయింది. ఇంకో 32 ఏళ్లు బతికింది.

నాకీ కథలో నచ్చింది ఆపరేషన్ కాదు, ఆ పక్క సర్దుకోవడం. ఎందుకంటే తర్వాతి వందేళ్లూ డాక్టర్లు ఆ హెచ్చరికనే పట్టుకున్నారు, ఆ పక్క సర్దుకున్న సంగతి వదిలేశారు.

ఇక ఫైబ్రాయిడ్ దగ్గరికి వద్దాం. 1853, మసాచుసెట్స్‌లో లోవెల్. బట్టల మిల్లుల ఊరు. వాల్టర్ బర్న్‌హామ్ అనే సర్జన్ అండాశయపు గడ్డ అనుకుని పొట్ట కోశాడు. మత్తు సరిపోలేదు. ఆవిడకి వాంతి వచ్చింది. ఆ ఒత్తిడికి ఫైబ్రాయిడ్లతో నిండిన గర్భసంచి మొత్తం కోత నుంచి బయటికి వచ్చేసింది. లోపలికి నెట్టడం ఆయన వల్ల కాలేదు. వేరే దారి లేక దాన్నే తీసేశాడు. ఆవిడ బతికింది! పొట్ట ద్వారా గర్భసంచి తీసేసినా మనిషి బతికిన మొదటి ఆపరేషన్ అదే అని చరిత్రలో రాసుకున్నారు. అంటే మొదటి విజయం యాక్సిడెంట్. ఆ ధైర్యంతో ఆయన ఇంకో 15 చేశాడు. ముగ్గురే బతికారు.

ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ఇలాంటి రోజుల్లో ఒక పేషెంట్ బతికి బట్టకట్టిందంటే ఏ డాక్టరైనా ఏం చేస్తాడు? కదలొద్దు తల్లీ అంటాడు. కుట్లు వేసేది క్యాట్‌గట్ దారంతో, అంటే జంతువుల పేగుతో చేసిన దారం. అది ఒంట్లో ఎప్పుడు కరిగిపోతుందో నమ్మకం లేదు. లేస్తే కుట్లు తెగుతాయి, పేగులు బయటికొస్తాయి, హెర్నియా వస్తుంది అని భయం. దానికితోడు లండన్‌లో జాన్ హిల్టన్ అనే సర్జన్ 1860లలో విశ్రాంతి మీద ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి, డాక్టర్లకి పెద్దబాలశిక్ష అయిపోయాయి. పుండు మానాలంటే విశ్రాంతి. పొట్ట ఆపరేషన్ అయితే వారాల తరబడి వెల్లకిలా పడుకోవాలి. మా అమ్మకి హిల్టన్ ఎవరో తెలీదు గానీ, ఆయన కనిపిస్తే ఇద్దరికీ బాగా కుదిరేది.

అయితే అప్పుడప్పుడూ ఒక ఘోరం జరిగేది. ఆపరేషన్ బాగా అయింది, జ్వరం లేదు, పుండు మానింది. పదో రోజో పన్నెండో రోజో, ఇక లేవొచ్చమ్మా అన్నారు. ఆవిడ మంచం దిగింది, నాలుగడుగులు వేసింది, కుప్పకూలింది. అంతే. ప్రాణం లేదు.

అందరూ ఏమనుకున్నారు? లేచింది కాబట్టి పోయింది అనుకున్నారు. అందుకని తర్వాతి పేషెంట్‌ని ఇంకో వారం ఎక్కువ పడుకోబెట్టారు. నిజానికి ఆవిడ పోయింది లేచినందుకు కాదు, అన్నాళ్లు పడుకున్నందుకు. కదలని కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది. జర్మనీలో రుడాల్ఫ్ విర్కో ఈ సంగతి 19వ శతాబ్దం మధ్యలోనే తేల్చి చెప్పాడు. పుస్తకంలో ఉంది. వార్డు దాకా రాలేదు. ఈ ఎపిసోడ్ కోసం చదివినవాటిలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. మందు అనుకుని ఇచ్చిందే విషం. అది పనిచెయ్యకపోతే డోసు పెంచారు.

ఇప్పుడు మన హీరో. 1899, షికాగో. ఎమిల్ రీస్ అనే స్త్రీల వైద్యుడు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆడవాళ్లకి పొట్ట ఆపరేషన్లు చేశాక తాను ఏం మార్చాడో అందులో చెప్పాడు. ఒకటి రెండు రోజుల్లోనే వాళ్లని మంచం దింపుతున్నాడు. పస్తులుంచకుండా తిండి పెడుతున్నాడు. వాళ్లు నీరసపడటం లేదు, త్వరగా ఇంటికి వెళ్తున్నారు. పేజీ తిప్పితే మా అక్కని లేపిన నర్సు కనిపించినట్టే ఉంది. 1899లో!

ఎవరూ వినలేదు. జర్మనీలో, హాంబర్గ్‌లో క్యూమెల్ అనే సర్జన్ 1908లో ఇలాంటి మాటే చెప్పాడు. యూరప్‌లో కొందరు పాటించారు. అమెరికాలో మాత్రం సుమారు 40 ఏళ్లు మౌనం. కారణం ఏంటని చరిత్రకారులు రకరకాలుగా చెప్తారు. కుట్ల మీద నమ్మకం లేకపోవడం ఒకటి. లేపి, ఆ పేషెంట్‌కి ఏదైనా అయితే డాక్టర్‌ది తప్పు అంటారు, పడుకోబెట్టాక ఏదైనా అయితే విధి అంటారు. ఇది ఇంకోటి. నా అనుమానం నేను చెప్తాను, ఒప్పుకోకపోతే కామెంట్ పెట్టండి. రీస్ పేషెంట్లందరూ ఆడవాళ్లు. ఆడవాళ్లు లేచి తిరుగుతున్నారంటే దాన్ని సాక్ష్యంగా తీసుకునే అలవాటు అప్పటికి లేదు.

మధ్యలో ఇంకో మనిషి గురించి చెప్పకపోతే అక్క ఒప్పుకోదు. విక్టర్ బానీ, లండన్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రి. 1905లో పెళ్లయింది. పెళ్లయిన కొన్నాళ్లకే భార్య ఆనీకి ఫైబ్రాయిడ్, రక్తం పోయి పోయి పాలిపోయింది. అప్పటి పద్ధతి ప్రకారం గర్భసంచి తీసేశారు. వాళ్లకి పిల్లలు పుట్టలేదు. బానీ మిగతా జీవితమంతా ఒకే మాట మీద నిలబడ్డాడు: గడ్డ తియ్యండి, గర్భసంచిని ఉంచండి. ఈ ఆపరేషన్ పేరు మయోమెక్టమీ. రక్తం పోకుండా గర్భసంచి నాళాలని పట్టి ఉంచడానికి ఒక క్లాంప్ తయారు చేశాడు, దాన్ని ఇప్పటికీ బానీ క్లాంప్ అనే అంటారు. ఏడొందలకు పైగా ఇలాంటి ఆపరేషన్లు చేశాడు. ఒకావిడ గర్భసంచిలోంచి 225 గడ్డలు తీసి, ఆ సంచిని అలాగే కుట్టి ఉంచాడు. 225! తోటి డాక్టర్లు ఇంత శ్రమ ఎందుకని ముఖం చిట్లించినా వినలేదు.

ఇది లండన్ కథే కాదండీ. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అందులో అవసరమైనవీ ఉంటాయి, కాదనను. కానీ "తీసేస్తే గోల వదిలిపోతుంది" అనే మాట మా అక్క ఒక్కదానికే చెప్పి ఉంటారని నేననుకోను.

సరే, మంచం దగ్గరికి తిరిగొద్దాం. 1930ల చివర, డెట్రాయిట్. డానియల్ లైట్‌హౌజర్ అనే సర్జన్ దగ్గర అపెండిక్స్ ఆపరేషన్ అయిన ఒకాయన మర్నాడే "నేను ఇంటికి పోతా" అని మొండికేశాడు. పోయాడు. ఏమీ కాలేదు, పైగా బెడ్ మీదున్న వాళ్లకంటే ముందే కోలుకున్నాడు. లైట్‌హౌజర్ ఆలోచనలో పడి, మిగతా పేషెంట్లనీ లేపడం మొదలుపెట్టాడు. 1946లో దీని మీద పుస్తకమే రాశాడు. ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం. ఆస్పత్రుల్లో మంచాలు చాలవు, నర్సులు చాలరు, సైనికులు తొందరగా లేచి వెళ్లాలి. సిద్ధాంతం మార్చలేనిది మంచాల కొరత మార్చింది. 1944లో, రీస్ వ్యాసం వేసిన ఆ అమెరికన్ పత్రికలోనే, పూర్తి విశ్రాంతి చేసే చెడు గురించి వరసగా వ్యాసాలు వచ్చాయి. 45 ఏళ్ల తర్వాత!

1947లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ ఆషర్ అనే డాక్టర్ 'మంచం ఎక్కడంలో ప్రమాదాలు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాశాడు. ఊపిరితిత్తులు, రక్తనాళాలు, ఎముకలు, కండరాలు, చర్మం, మనసు, ఒక్కోదాన్ని మంచం ఎలా పాడుచేస్తుందో ఏకరువు పెట్టాడు. పడీపడీ నవ్వుతూ చదవొచ్చు. చిన్న పక్కదారి: ఈయన కూతురు జేన్ ఆషర్ సినిమా నటి, బీటిల్స్ పాల్ మకార్ట్‌నీకి ఒకప్పటి ప్రేయసి.

ఇక కొలత. 1966లో డాలస్‌లో ఆరోగ్యంగా ఉన్న 20 ఏళ్ల కుర్రాళ్లని అయిదుగురిని తీసుకుని దాదాపు మూడు వారాలు మంచం మీద ఉంచారు. జబ్బేమీ లేదు, ఊరికే పడుకోవడమే. వాళ్ల శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ అయిదుగురినే వెతికి పట్టుకుని మళ్లీ కొలిచారు. 50 ఏళ్ల వయసులో కూడా వాళ్లలో ఏ ఒక్కరి పరిస్థితీ 20 ఏళ్లప్పుడు మూడు వారాలు పడుకున్నాక ఉన్నంత అధ్వాన్నంగా లేదు. ఇంకోసారి చెప్తా. గుండె పనితనంలో ముప్పై ఏళ్ల ముసలితనం చెయ్యలేనిది మూడు వారాల మంచం చేసింది. ఇది అయిదుగురి లెక్కే, చిన్న స్టడీ. అయినా నేను మా అమ్మకి చూపించింది దీన్నే.

అమ్మ సంగతి అయిపోయింది, ఇక బావ ఫోన్. ఆయన చూపించిన మెసేజ్ పూర్తి అబద్ధం కాదు, అదే చిక్కు.

మనం పీల్చే ఆక్సిజన్ మనకి ప్రాణం, కానీ దానికి ఇంకో ముఖం ఉంది. 1954లో రెబెకా గెర్ష్‌మన్ అనే అర్జెంటీనా శాస్త్రవేత్త, ఎక్కువ ఆక్సిజన్ చేసే హానీ, ఎక్స్‌రేలు చేసే హానీ ఒకే దారిలో జరుగుతాయని చెప్పింది. ఆ దారి ఫ్రీ రాడికల్స్. జత లేని ఎలక్ట్రాన్‌తో తిరిగే ముక్కలు, దొరికినదాని మీద పడి పాడుచేస్తాయి. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ ఇద్దరూ మన ఒంట్లోనే వీటిని అణిచే ఎంజైమ్ ఉందని కనిపెట్టారు. 1982లో బెర్క్‌లీలో ఎలుకలని అలిసి పడిపోయేదాకా పరిగెత్తించి చూస్తే, కండరాల్లోనూ కాలేయంలోనూ ఈ రాడికల్స్ రెండు మూడు రెట్లయ్యాయి. 1985లో హెల్ముట్ సీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆక్సిడేటివ్ స్ట్రెస్ అన్న పేరుని స్థిరపరిచాడు. అప్పటినుంచి మందుల షాపులకి పండగ. వ్యాయామం విషం పుట్టిస్తుంది, విరుగుడు మా సీసాలో ఉంది!

ఆపరేషన్ కూడా ఇదే పని చేస్తుంది. బానీ క్లాంప్ గుర్తుందా? రక్తం ఆపి, కాసేపటికి వదిలితే, ఆకలిమీదున్న కణాల్లోకి ఆక్సిజన్ ఒక్కసారిగా వరదలా వస్తుంది. 1981లో అమెరికాలో నీల్ గ్రేంజర్ బృందం పిల్లుల పేగుల మీద ప్రయోగం చేసి, రక్తం ఆగినప్పుడు కాదు, తిరిగొచ్చినప్పుడు పుట్టే రాడికల్సే చాలా హాని చేస్తాయని చూపింది. కాబట్టి ఆపరేషన్‌లో ఒక పోటు, దాని మీద వ్యాయామం ఇంకో పోటు అనిపించడం సహజం. వినడానికి లాజిక్ బాగానే ఉంది.

కానీ 2009లో జర్మనీలోని యేనాలో మైకేల్ రిస్టోవ్ బృందం ఒక పని చేసింది. దాదాపు 40 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు, నాలుగు వారాల వ్యాయామం. సగం మందికి రోజూ ఒక గ్రాము విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ. మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. చివర్లో చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది, ఒంటి సొంత రక్షణ ఎంజైమ్‌లు పెరిగాయి. విటమిన్ వేసుకున్నవాళ్లలో ఆ లాభం రాలేదు. అంటే ఆ కాస్త ఫ్రీ రాడికల్స్ శరీరానికి పంపే కబురు. "పని పెరుగుతోంది, కాపలా పెంచుకో" అని. క్యాప్సూల్ ఆ కబురు తెచ్చేవాడినే గుమ్మంలో ఆపేసింది.

ఒక్క జాగ్రత్త. యేనా కుర్రాళ్లు ఆపరేషన్ అయినవాళ్లు కాదు. దాన్ని తీసుకొచ్చి అక్కకి అంటించకూడదు, అలా అంటిస్తే నాకూ ఆ ఫార్వర్డ్‌కీ తేడా లేదు. నేను చెప్పేది ఒకటే. బెర్క్‌లీ ఎలుక పడిపోయేదాకా పరిగెత్తింది. అక్క వరండాలో నలభై అడుగులు వేసింది. ఈ రెండూ ఒకటి కాదు. పైగా రక్తం తక్కువున్న మనిషికి నలభై అడుగులే పెద్ద పని, అందుకే డాక్టరమ్మ క్యాప్సూల్ ఊసెత్తకుండా ఐరన్ రాసింది.

1990లలో డెన్మార్క్‌లో హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ ఈ ముక్కలన్నీ కలిపాడు. నొప్పి బాగా తగ్గించాలి, గొట్టాలు తొందరగా తీయాలి, తిండి తొందరగా పెట్టాలి, తొందరగా లేపాలి. నడక ఒక్కటే మంత్రం కాదు, నొప్పి తగ్గించకుండా లేవమంటే ఎవరు లేస్తారు? ఇప్పుడు గైనిక్ ఆపరేషన్లకి కూడా దీన్ని అనుసరించే మార్గదర్శకాలున్నాయి. బరువులెత్తడం మాత్రం వేరే సంగతి, దానికి వారాలు ఆగాలి. ఎన్ని వారాలో మీ కోత, మీ సర్జన్ చెప్పాలి, నేను కాదు.

ఇవన్నీ అమ్మకి చెప్పాను. డాలస్ కథ రెండుసార్లు చెప్పించుకుంది. "వాళ్లకి ఒళ్ళు పచ్చిగా లేదు కదరా" అంది. నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ సాయంత్రం చెవుల్లో దూది తీసేసి, అక్క చెయ్యి పట్టుకుని పెరట్లో జామచెట్టు దాకా తనే నడిపించింది. తీసుకొచ్చి, మళ్లీ తలుపేసింది. నీళ్ల గ్లాసు మాత్రం నిండా ఇచ్చింది.

బావ క్యాప్సూల్ సీసా ఫ్రిజ్ మీద ఉంది. సీల్ తియ్యలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో క్యాట్‌గట్ దారం కథ చెప్తాను. ఉంటానండీ.